తీశావా, వదినా?

ఆ హాలు నేలకి పాలిషు సాయంత్రానికల్లా అయిపోవాలి. కాకపోతే రేపు తలుపులవాళ్లు వచ్చి తిడతారు, వాళ్ల వెనకే రంగులవాళ్లు వచ్చి తిడతారు, అందరి తిట్లూ పోగేసుకుని సూపర్‌వైజరు వచ్చి తన వాటా కలిపి మరీ తిడతాడు. తిట్లకి జడిసే మనిషి కాదు వదిన. ఆమె భయం వేరు. ఆ భయం ఆమె కళ్లెదురుగానే పాలిషు మిషను పిడి రెండు చేతులా పట్టుకుని, నడుము అటూ ఇటూ ఊపుతూ, ఈల కూడా వేసుకుంటూ తిరుగుతోంది.

ఆ తిరిగేవాడు ఆమె మరిది, భర్తకి తమ్ముడు. ఇంట్లో అందరికీ చిన్నోడు. పేరుకే చిన్నోడు, గుమ్మం దగ్గర తల వంచకపోతే నుదురు కొట్టుకుంటుంది. ఆమె కాపురానికి వచ్చేనాటికి వాడు బడి ఎగ్గొట్టి గోడలెక్కే వయసులో ఉన్నాడు. అందుకే ఇప్పటికీ "ఒరేయ్" అనే పిలుస్తుంది, వాడూ పలుకుతాడు. పొద్దున్నుంచీ వాడు "వదినా, వదినా" అని హాలు అదిరేలా పిలుస్తుంటే, టీ తాగే వేళకల్లా తాపీవాళ్లూ, కిటికీలవాళ్లూ, చివరికి గడ్డం నెరిసిన వెల్డింగాయన కూడా వదినా అనే పిలవడం మొదలుపెట్టారు. ఒక్క పూటలో ఇంతమంది మరుదులు దొరికిన ఆడది ఇంకెక్కడా ఉండి ఉండదు.

నిజానికి ఈ మిషను నడపాల్సింది ఆమె భర్త. కిందటి నెల ఒక మేడ మీద ఇలాగే పాలిషు చేస్తుండగా, వైరులో టేపు చుట్టిన అతుకొకటి జారి నీళ్లలో పడింది. కరెంటు అతన్ని పట్టి విసిరేసింది. ప్రాణం దక్కింది గానీ, గోడకి కొట్టుకుని కుడి మణికట్టు విరిగింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, ఎడమచేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోవడం చేతకాక, ఇంకొకరు పెడతామంటే ఒప్పుకోక, ఇంటిల్లిపాదినీ కాల్చుకు తింటున్నాడు. ఒప్పుకున్న పని సగంలో ఆగింది. చిన్నోడు తన పని మానుకుని "నేనొస్తా పద వదినా" అన్నాడు.

బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"పెద్దోణ్ణి పంపితే చెయ్యి విరగ్గొట్టుకొచ్చాడు. ఇప్పుడు చిన్నోణ్ణి వెంటబెట్టుకు పోతున్నావు. పొద్దున్న ఎలా పంపానో సాయంత్రం అలాగే నాకు అప్పజెప్పాలి, చెబుతున్నా."

మాటకి మాట అప్పజెప్పడంలో ఆ వీధిలో పేరున్న కోడలు ఆ పూట నోరెత్తలేదు. అత్తగారు నవ్వుతూ అన్న మాట కాదది.

పాలిషు పనికి ఇద్దరు కావాలి. ఒకరు మిషను నడపాలి, ఇంకొకరు వైరు మొయ్యాలి. మిషను తిరిగినంతసేపూ నేల మీద నీళ్లూ బురదా పారుతూనే ఉంటాయి. ఆ నీళ్లలో వైరు పడకూడదు, మిషను కింద నలగకూడదు, ఏ తలుపు సందులోనో ఇరుక్కోకూడదు. చూసేవాళ్లకి, వైరు పట్టుకుని వెనకాల తిరగడం కూడా ఒక పనేనా అనిపిస్తుంది. నడిపేవాడి ప్రాణం మాత్రం ఆ వెనకాల తిరిగే మనిషి భుజం మీద ఉంటుంది. భర్త చెయ్యి విరిగిన మర్నాడే ఆమె పాత వైరును ముక్కలు చేసి పారేసి, ఒక్క అతుకు కూడా లేని కొత్త వైరు కొనిపించింది. దాన్నే ఇప్పుడు చుట్టచుట్టి భుజాన వేసుకుని, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, మరిది ఎటు తిరిగితే అటు తిరుగుతోంది.

వైరు మార్పించింది గానీ ఇంకొకటి మార్పించలేదు. అది మిషను పిడి మీది స్విచ్చి. ఆన్‌లోనే ఇరుక్కుపోయి చాలాకాలమైంది. రేపు వేయిస్తా, ఎల్లుండి వేయిస్తా అని భర్త నెట్టుకొచ్చాడు. పని ఆపి మిషనును రిపేరు షాపులో పడెయ్యడానికి ఆమెకీ మనసొప్పలేదు. అందుకని ఆ మిషనుకి గోడ మీది బోర్డే దిక్కు. బోర్డులో కరెంటు ఇచ్చిన క్షణంలోనే తిరుగుతుంది, ప్లగ్గు పీకితే ఆగుతుంది. మధ్యలో ఇంకో అడ్డు లేదు. అలాంటి మిషనుతో పనిచెయ్యడం ఎంత బుద్ధితక్కువో ఆ మొగుడూపెళ్లాలకి తెలియక కాదు. తెలిసే చేశారు, అందరూ చేసినట్టే.

అందుకే వాళ్లిద్దరి మధ్యా ఒక పద్ధతి ఉండేది. నేలని నునుపు చేసే రాళ్లు మిషను అడుగున గుండ్రటి పళ్లేనికి బిగించి ఉంటాయి. అవి అరిగినప్పుడల్లా మిషనును వెనక్కి వంచి, అడుగున చెయ్యి పెట్టి, పాతవి పీకి కొత్తవి పెట్టాలి. చెయ్యి పెట్టేముందు భర్త "తీశావా?" అని అడిగేవాడు. ఆమె ప్లగ్గు పీకి, పైకెత్తి చూపించి, "తీశా" అనేది. మళ్లీ నడపాలంటే "ఇస్తున్నా" అనేది, అతను "ఇవ్వు" అన్నాకే ఇచ్చేది. కాపురంలో ఎన్ని మాటల దగ్గర పేచీలు వచ్చినా ఈ మాటల దగ్గర ఎప్పుడూ రాలేదు.

చిన్నోడితో పొద్దున్న మొదటి మాటకే వచ్చింది. ఆమె అప్పుడే బోర్డులో ప్లగ్గు పెట్టి స్విచ్చి వెయ్యబోతోంది. వాడు మిషను పట్టుకుని "వదినా, కరెంటు తీశావా?" అని కేకేశాడు. ఆమె ఉలిక్కిపడి ప్లగ్గు పీకేసింది.

"ఏమైందిరా? ఎందుకు తియ్యమన్నావ్?"

"తియ్యకపోతే మిషను ఎలా తిరుగుతుంది?"

"తీస్తే ఎలా తిరుగుతుంది?"

"అదేంటి వదినా, తీస్తేనేగా తిరిగేది!"

తాపీవాళ్లు చేతిలో పని వదిలేసి వినోదం చూడసాగారు. సంగతేమిటంటే, చిన్నోడు గోడలు పగలగొట్టే ముఠాలో మనిషి. ఆ ముఠాలో కరెంటు తియ్యడమంటే బోర్డు నుంచి లైను తెచ్చుకోవడం. ఎక్కడ్నుంచి తీశావ్ అని ఒకడడిగితే, కింద బోర్డు నుంచి తీశా అని ఇంకొకడంటాడు. వాళ్ల మిషన్లకి చేతి దగ్గరే మీట ఉంటుంది, నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. బోర్డులో కరెంటు ఉందో లేదో అన్నది వాళ్లకి అంత పట్టింపు కాదు.

"మా దగ్గర తియ్యడమంటే పీకెయ్యడంరా," అంది వదిన.

"మా దగ్గర పీకెయ్యడమంటేనే పీకెయ్యడం. తియ్యడమంటే లైను తియ్యడం."

"పన్ను తీశారంటే పన్ను ఉన్నట్టా, పోయినట్టా?"

"ఫొటో తీశారంటే ఫొటో వచ్చినట్టా, పోయినట్టా?"

తాపీవాళ్లు పగలబడి నవ్వారు. ఆమెకీ నవ్వాగలేదు. ఇంతలో సూపర్‌వైజరు వచ్చి, "మీరు తీసేదీ పెట్టేదీ తేలేలోపు నా ఉద్యోగం తీసేస్తారు, మొదలుపెట్టండి," అన్నాడు. "సరేలే వదినా" అని వాడన్నాడు. "సరేలే" అని ఆమె కూడా అంది. ఎవరి మాటకి ఎవరు సరేనన్నారో ఇద్దరూ చెప్పుకోలేదు.

ఒక్కటి మాత్రం ఆమె గట్టిగా చెప్పింది. "ఏ మాటైనా అని ఏడువు. నా చేతిలో ప్లగ్గు నీ కంటికి కనబడితేనే రాళ్ల దగ్గర చెయ్యి పెట్టు." వాడు తలూపాడు. పూటంతా అలాగే నడిచింది. రాళ్లు మార్చాల్సి వచ్చినప్పుడు వాడు ఆమె వైపు చూసేవాడు, ఆమె ప్లగ్గు ఎత్తేది, వాడు కూర్చునేవాడు. ఇద్దరికీ నోరు తెరిచే అవసరమే రాలేదు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు ఆమె వాణ్ణి గమనించింది. చేతులు బొబ్బలెక్కాయి, పైకి చెప్పలేదు. అలవాటు లేని మిషను వాణ్ణి పూటంతా గుంజి గుంజి పెట్టింది, విసుక్కోలేదు. వాళ్ల ముఠాలో అయితే ఈపాటికి అందరికంటే ముందు నడిచేవాడు, ఇక్కడికొచ్చి నేర్చుకునేవాడిలా నిలబడ్డాడు. అన్న కోసం, తన కోసం. ఆమెకి జాలీ, మురిపెం రెండూ కలిగాయి. పొద్దున్న నలుగురిలో వాడి మాటని ఎగతాళి చేసినందుకు సిగ్గు కూడా వేసింది.

మార్చుకోవాల్సింది వాడు కాదు, నేను, అనుకుంది. అత్తారింటికి వచ్చినప్పుడు ఆ ఇంటి మాటలన్నీ నేర్చుకోలేదా? పుట్టింట్లో ఒకలా పిలిచే గిన్నెని ఇక్కడ ఇంకోలా పిలవడం అలవాటు చేసుకోలేదా? ఒక్కరోజు పనికి వాడి మాట నేను మాట్లాడితే నా సొమ్మేం పోతుంది. అలా మనసులోనే తీర్మానం చేసేసుకుంది. వాడితో అనలేదు. అనాల్సినంత పెద్ద సంగతి కాదనుకుంది.

హాలులో ఇంక కిటికీల వైపు భాగం ఒక్కటే మిగిలి ఉందనగా మిషను ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ అంతస్తు మొత్తం కరెంటు పోయింది. సైటు కరెంటాయన వచ్చి, బోర్డు తలుపు తీసి, ముక్కుతో వాసన చూసి, పెదవి విరిచాడు.

"ఎక్కడో కాలుతోంది. అది దొరికేదాకా ఈ లైను వెయ్యను. మీకు తొందరైతే కింద అంతస్తు నుంచి తెచ్చుకోండి."

ఆమె పై బోర్డులో ప్లగ్గు పీకి, చుట్ట భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచింది. "లైను రాగానే మొదలుపెడదాంరా," అంది వెళ్తూ. మెట్ల మీద పరిస్తే ఎవడి కాలికో తగులుతుందని వైరును రెయిలింగు ఊచలకి ఎత్తుగా కట్టుకుంటూ దిగింది. కొత్త వైరు పొడవుగా ఉండడం ఆ పూట పనికొచ్చింది, అతుకు లేకుండానే కింద బోర్డు దాకా అందింది.

కింద వెల్డింగాయన కిటికీ ఊచలు కోస్తున్నాడు. కటింగ్ మిషను చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. బోర్డులో ఖాళీగా ఉన్నది ఒకటే సాకెట్టు, అదీ వదులైపోయి ఉంది. ప్లగ్గు పెడితే మెడ వాల్చేస్తోంది. ఇది జారిందంటే మధ్యలో నిప్పులు రాలుతాయి, మళ్లీ ఎవరు దిగి వస్తారు? నేల మీద పడి ఉన్న, ఇనప చువ్వలు కట్టే సన్నటి బైండింగు వైరు ముక్క అందుకుని, ప్లగ్గును బోర్డు చట్రానికి కలిపి చుట్టడం మొదలుపెట్టింది. అలా కట్టకూడదని ఆమెకి తెలుసు. తొందరలో పీకాల్సి వస్తే రాదు. అయినా కట్టింది.

అప్పుడు పైనుంచి, మెట్ల మొదట్లోంచి, చిన్నోడి గొంతు వినిపించింది.

"తీశావా, వదినా?"

ప్లగ్గు సాకెట్టులో ఉంది. కట్టు సగం పడింది. స్విచ్చి ఒక్కటే వెయ్యాలి. లైను తెచ్చావా అని అడుగుతున్నాడు, పాపం ఎదురుచూస్తున్నాడు అనుకుంది. మధ్యాహ్నం చేసుకున్న తీర్మానం గుర్తొచ్చి, తనలో తాను నవ్వుకుని, వాడి మాటలోనే కేకేసింది.

"తీశా!"

పైనుంచి వాడింకేదో అన్నాడు. కటింగ్ మిషను మోతలో "పెడుతున్నా" అన్నది ఒక్కటే ఆమె చెవిన పడింది. మిషనును నేలకి ఆనించి పెడుతున్నాడు కాబోలు. సరే అనుకుంది. బైండింగు వైరు రెండు చుట్లు తిప్పి, కొసలు మెలేసింది. ఇస్తున్నా అనలేదు. ఇవ్వు అన్న మాట కోసం ఆగలేదు. అడిగినవాడు సిద్ధంగా లేకుండా అడుగుతాడా? స్విచ్చి వేసింది.

నేలని రాసుకుంటూ తిరిగే పాలిషు మిషనుది బొంగురు గొంతు. గాల్లో తిరిగితే సన్నగా కీచుమంటుంది. ఇన్నేళ్లలో ఆ రెండు గొంతులూ ఆమె చెవులకి బాగా తెలుసు. పైనుంచి వచ్చింది సన్న గొంతు. అది రెప్పపాటులో ఏదో మింగినట్టు అణిగిపోయింది. ఆ వెంటనే మనిషి కేక.

ఆమె వేలు ఇంకా స్విచ్చి మీదే ఉంది. వేసిన వేలే ఆపేసింది.

పైన ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు.  తర్వాత కాళ్ల పరుగులు, బకెట్టు దొర్లిన చప్పుడు, నలుగురి గొంతులు ఒక్కసారి.

"చెయ్యి! చెయ్యి ఇరుక్కుంది!"

"లాగకు, లాగకు, పళ్లెం వెనక్కి తిప్పు!"

"కరెంటు తియ్యండి! ఎవరక్కడ? కరెంటు తియ్యండి!"

మెట్ల వైపు ఒక అడుగు వేసింది. ఆ అడుగు దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే ఆ కేకకి వెల్డింగాయన తన మిషను కింద పడేసి బోర్డు మీదికి ఉరికొస్తున్నాడు. మంచివాడు, పెద్దవాడు, సాయం చెయ్యాలని వస్తున్నాడు. ఆయన చెయ్యి నేరుగా ఆమె స్విచ్చి మీదికి వస్తోంది. ఆపి ఉన్న స్విచ్చిని కంగారులో నొక్కితే ఏమవుతుందో ఆమెకి కళ్లకి కట్టింది. పైన ఇరుక్కున్నది ఇప్పుడు ఒక్కడి చెయ్యి కాదు. వాడి చెయ్యి విడిపించడానికి తాపీవాళ్లు తమ చేతులన్నీ అందులోనే పెట్టి ఉంటారు.

అరచెయ్యి స్విచ్చి మీద అడ్డం పెట్టేసింది.

"ముట్టుకోకు! తీసే ఉంది!"

"తీసి ఉంటే ఆపవేం?" వెల్డింగాయన అరిచాడు. "పైన మనిషి చచ్చిపోతున్నాడు, చెయ్యి తియ్యి, ఆపనీ!"

ఆయన ఆమె మణికట్టు పట్టి లాగాడు. ఆమె బూట్లు నేలకి తన్నిపెట్టి నిలబడింది. తీసే ఉంది అంటే ఈయనకి కరెంటు ఉన్నట్టు వినిపించింది. ఆ సంగతి బుర్రకి అందీ అందగానే ఇంకో సంగతి కూడా అందింది.  పైనుంచి వాడడిగిన మాట ఏమిటో, తను చెప్పిన మాట వాడికి ఏమని వినిపించిందో ఆ గుంజులాటలోనే ఆమెకి అర్థమైంది. ఏడవడానికి అది చోటు కాదు. ఇప్పుడు కావలసింది ఇంకో మాట.

"కరెంటు లేదు!" గొంతు చించుకుని అరిచింది. "నేనే ఆపేశా! ఆగిపోయి ఉంది! నువ్వు నొక్కితే తిరుగుతుంది! అందరి చేతులూ అందులో ఉన్నాయి, నీకు దణ్ణం పెడతా, ముట్టుకోకు!"

వెల్డింగాయన చెయ్యి వదిలేశాడు. 

పైన ఇంకా అరుస్తూనే ఉన్నారు. "ఇంకొంచెం తిప్పు." "ఓర్చుకో నాయనా, ఓర్చుకో." చిన్నోడి గొంతు మాత్రం లేదు. ఆ గొంతు కోసం ఆమె ప్రాణం పీకుతోంది. నాలుగంగల్లో మెట్లెక్కి వాణ్ణి చూడొచ్చు. కానీ తను ఇక్కణ్ణుంచి కదిలితే ఈ స్విచ్చి దగ్గరికి ఇంకెవడొస్తాడో తెలియదు. ఆ "కరెంటు తియ్యండి" అన్న కేక మేడంతా వినిపించింది. వినిపించిన ప్రతివాడూ ఏదో ఒక మీట నొక్కి పుణ్యం కట్టుకోవాలని చూస్తాడు. ప్లగ్గు బయటికి రావాలి. అది చేతిలోకి వచ్చేదాకా కదలకూడదు.

ఒక చేత్తో స్విచ్చి కప్పుకుని రెండో చేత్తో బైండింగు వైరు మెలి విప్పబోయింది. మెలి రావడం లేదు. తను వేసిన మెలే, అంత గట్టిగా వేసింది. గోరు విరిగింది. రక్తం కారి వేళ్లు జారుతున్నాయి. కట్టినప్పుడు తనని ఆపే మనిషి ఒక్కడు ఉంటే ఎంత బాగుండేదని తనని తాను నోటికొచ్చినట్టు తిట్టుకుంది.

"కటింగ్ ప్లేయరు!" అంది. "నీ దగ్గరుందిగా, తెంపు!"

వెల్డింగాయన జేబులోంచి లాగాడు. మొదటిసారి పక్కకి జారింది. పైనుంచి ఎవరో మెట్లు దిగుతూ "కింద బోర్డు ఆపారా లేదా?" అని అరుస్తున్నారు. రెండోసారికి కట్టు తెగింది. ప్లగ్గు ఆమె చేతిలోకి వచ్చింది. అప్పుడు గానీ ఆమె స్విచ్చి మీద అరచెయ్యి తియ్యలేదు.

ప్లగ్గు గుప్పిట్లో పట్టుకుని మెట్లెక్కింది. రెయిలింగుకి కట్టిన వైరు ఒక్కో ముడి దగ్గరా తట్టుకుంటుంటే అలాగే లాక్కుంటూ ఎక్కింది. దిగుతున్న కిటికీలవాడు ఆమె మొహం చూసి గోడకి అంటుకుపోయి దారిచ్చాడు. ఎన్ని మెట్లెక్కిందో, ఎలా ఎక్కిందో ఆమెకి తెలియదు.

చిన్నోడు స్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. చెయ్యి బయటికి వచ్చింది. దానికి ఎవరిదో తువ్వాలు చుట్టారు, తువ్వాలు ఎర్రగా తడిసిపోతోంది. పెదవులు బూడిదరంగులో ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. బతికే ఉన్నాడు. ఆమె బురదలో వాడి పక్కన కూలబడింది.

వాడి చూపు ముందు ఆమె చేతిలో ప్లగ్గు మీద ఆగింది. తర్వాత ఆమె మొహం మీదికి వచ్చింది.

"తీశానన్నావ్ కదా వదినా," అన్నాడు. నిందగా అనలేదు. అర్థంకాక అడిగాడు.

"నువ్వు నీ మాటలో అడిగావనుకున్నానురా. లైను తెచ్చావా అని." ఆమె తువ్వాలు మీద చెయ్యి అదిమింది. "అందుకే నీ మాటలోనే చెప్పా."

 

"నేను నీ మాటలో అడిగా," అన్నాడు. "అన్న ఎలా అడుగుతాడో అలా అడుగుదామని పొద్దున్నుంచీ అనుకుంటున్నా. నువ్వు లైను తెచ్చేలోపు రాళ్లు మార్చేస్తే నీకు పని కలిసొస్తుందని..." నవ్వబోయాడు, నొప్పికి మొహం వంకర తిరిగింది.

వదిన వాడి తల పట్టుకుని భుజానికి అదుముకుంది. అంతమందిలో, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చింది.

సూపర్‌వైజరు బండి తెప్పించాడు. ఆసుపత్రికి పోయేదాకా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఒకటే మాట. "ఎవరైనా అడిగితే వాడే చూసుకోకుండా చెయ్యి పెట్టాడని చెప్పండమ్మా. అందరికీ మంచిది." వదిన తువ్వాలు మీద తన రెండు చేతులూ బిగించి పట్టుకుని, రక్తం ఆగిందో లేదో అదొక్కటే చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో చిన్నోణ్ణి లోపలికి తీసుకెళ్లి తలుపు వేసేశారు. ఆమె బురద బూట్లతోనే బల్ల మీద కూర్చుంది. చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు.

"మధ్యవేలు నిలుస్తుంది. చూపుడువేలు కొస తీసేశాం."

ఆ మాటని ఎటు తిప్పి చూసినా వదినకి ఒకటే అర్థం దొరికింది.

లోపలికి వెళ్లేసరికి వాడు మత్తులో ఉన్నాడు. చెయ్యి తెల్లటి కట్టులో అంత లావున ఉంది. ఆమె అడుగు చప్పుడుకి కళ్లు సగం తెరిచాడు.

"అమ్మకి నాదే తప్పని చెప్పు వదినా. లేకపోతే నిన్ను బతకనివ్వదు."

"నోరు మూసుకుని పడుకో."

"నిజంగానే. ప్లగ్గు చూడకుండా చెయ్యి పెట్టొద్దన్నావ్. పెట్టానుగా."

"పడుకోరా నాన్నా."

వాడి కళ్లు మూతపడ్డాక వరండాలోకి వచ్చి ఫోను చేసింది. అత్తగారే ఎత్తింది.

"ఏమ్మా, పొద్దుండగానే చేశావ్? పనైపోయిందా? చిన్నోడేం చేస్తున్నాడు?"

వదిన గోడకి ఆనుకుంది. మాట తేడా వచ్చింది అనొచ్చు. వాడు చూసుకోకుండా చెయ్యి పెట్టాడు అనొచ్చు. రెండూ అబద్ధాలు కావు. రెండిట్లోనూ తను మాత్రం ఎక్కడా కనబడదు.

"అత్తయ్యా, చిన్నోడు బతికే ఉన్నాడు. ప్రాణానికేం భయం లేదు. ఒక వేలి కొస పోయింది." ఊపిరి పీల్చుకుంది. "వాడి చెయ్యి మిషనులో ఉండగా స్విచ్చి వేసింది నేను."

  

"ఏ చెయ్యి?" అని అడిగింది అత్తగారు.

"కుడి చెయ్యి," అంది వదిన.